విశ్రాంతి గాయానికా, మనిషికా?

మా గూడూరులో ఎవరి చెయ్యి విరిగినా ఇంటిల్లిపాదీ ఇచ్చే ఆజ్ఞ ఒక్కటే: ‘కదలకుండా పడుకో.’ మణికట్టుకు పిండికట్టు వేస్తే, కాళ్లు ఏ నేరం చేశాయని వాటినీ మంచానికి కట్టేస్తున్నాం? ఈ తప్పులో మా వైద్యుల వాటా తక్కువేమీ కాదు. ‘పూర్తి విశ్రాంతి’ అని నేనూ ఎన్నో చీటీలపై రాశాను. ఏ అవయవానికి, ఎన్నాళ్లు అన్నది రాయలేదు.

వాడని కండరం కొద్ది వారాల్లోనే క్షీణిస్తుంది. వయసు మళ్లినవారికి ఆ బలం తిరిగి రావడం మరీ కష్టం. ఒక చేతికి శిక్షణ ఇస్తే రెండో చేతికీ కొంత బలం వస్తుందని అమెరికాలోని యేల్ ప్రయోగశాల 1894లోనే చూపింది. అది నాడీమండలం చలవ. కనుక ఎడమచేయి కట్టులో ఉన్నవారు కుడిచేత్తో డంబెల్ ఎత్తడం మానవద్దు. మోకాలు దెబ్బతిన్నవారు కాలు చాచి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, అయిదు సెకన్లు అదిమి వదలవచ్చు. కీలు దాదాపు కదలదు, తొడ కండరం మాత్రం పనిచేస్తుంది.

పుల్లెల గోపీచంద్ మోకాలి లిగమెంటు 1994లో తెగింది. శస్త్రచికిత్సల తరువాత, 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ‘ఆయనకు సౌకర్యాలుంటాయి’ అంటారు. తువ్వాలుకు ఏ సౌకర్యం కావాలి?

నొప్పిని పళ్ల బిగువున భరిస్తూ పాత బరువే ఎత్తే జిమ్ వీరులను నేను సమర్థించడం లేదు. మర్నాటికి వాపు పెరిగిందంటే బరువు తగ్గించవలసిందే. ఎముక అతికేవరకు ఆ భాగంపై, వైద్యుడు చెప్పనిదే, భారం మోపరాదు.

ఈసారి వైద్యుడు ‘విశ్రాంతి’ అనగానే లేచి రాకండి. దేనికి, ఎన్నాళ్లు, మిగిలిన శరీరంతో ఏం చేయవచ్చు అని అడిగి, చీటీపై రాయించుకోండి.