ఖర్చు రాశారు, మరి భయం?

మియాపూర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో దిగి చార్మినార్‌కి చాలాసార్లు వెళ్లా. 1591లో కట్టిన ఆ చార్మినార్ నైరుతి మినార్ మొఘల్ సుబేదార్ల కాలంలో పిడుగుపడి కూలిందనీ, 60,000 రూపాయలతో బాగుచేశారనీ మొన్నే చదివాను. లెక్క మిగిలింది. ఆ చప్పుడు విన్నవాళ్ల మాట మాత్రం నేను చదివినచోట ఒక్కటీ లేదు.

ఉరిమితే చాలు, మా అమ్మమ్మ "అర్జునా, ఫల్గుణా" అంటుంది. ఎందుకని అడిగితే, వాళ్ల ఊరి గుడి పక్క తాటిచెట్టు మీద పిడుగు పడ్డ రోజు గురించి చెప్పింది. తాతయ్య అయితే దగ్గర్నుంచే చూశారట. నేను అడిగేలోపే ఆయన పోయారు.

కోడ్‌కి రోజూ బ్యాకప్ తీస్తాం కదా, ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలకి ఎందుకు తీయం? ఈసారి ఉరిమినప్పుడు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి అడగండి: "పిడుగు పడ్డప్పుడు నువ్వెక్కడున్నావ్ అమ్మమ్మా?"