పాట అందరిదీ... పేరు ఎవరిది?

తుళ్లూరులో ఓ పెళ్లి ఊరేగింపు బయల్దేరిందనుకోండి. డీజే బండి మీద వరసగా తెలుగు పాటలు, మధ్యలో ఒకటో రెండో హిందీవి. కుర్రాళ్లు ఇంకాస్త ఊపు కావాలంటే 'డెస్పసీతో' పెడతారు. ఆ మాటకు అర్థమేమిటని అడిగితే ఆడేవాళ్లలో ఎందరు చెప్పగలరు? స్పానిష్‌లో 'మెల్లగా' అని. అర్థం తెలియకపోతేనేం, కాళ్లు ఆగవు కదా!

ఇది కొత్త సంగతేమీ కాదు. 1996లో 'మకరేనా' అనే స్పానిష్ పాట అమెరికా పాటల పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ప్రియుడు సైన్యంలో చేరుతుంటే అతని స్నేహితులతో షికారు చేసిన అమ్మాయి కథ అది. ఆ సంగతి తెలియకుండానే దేశదేశాల్లో బడిపిల్లలు సైతం చేతులు తిప్పుతూ ఆడేశారు. మళ్లీ 21 ఏళ్ల తర్వాత, 2017లో, ఆ స్థానానికి చేరిన స్పానిష్ పాట 'డెస్పసీతో'. జనవరిలో విడుదలైంది. ఏప్రిల్‌లో జస్టిన్ బీబర్ గొంతు కలిపాక 16 వారాలు కదల్లేదు. ఆ ఆగస్టు నుంచి 2020 నవంబరు దాకా యూట్యూబ్‌లో ప్రపంచం ఎక్కువసార్లు చూసిన వీడియో కూడా అదే.

మూడో పేరు

ఈ పాట అనగానే గుర్తొచ్చేది ఇద్దరు మగవాళ్లు. లూయిస్ ఫోన్సీ, డాడీ యాంకీ. ఇద్దరిదీ ప్యూర్టోరికో. కానీ రచయితల పట్టికలో మూడో పేరు ఒకటుంది. ఎరికా ఎండర్. పనామా దేశపు స్త్రీ. 2015లో ఫోన్సీతో కూర్చుని ఈ పాట కట్టిందామె. శృంగారం పాలు ఎక్కువైందని 2017లో మలేషియా ప్రభుత్వ రేడియో, టీవీ దీన్ని ఆపేశాయి. అలాంటి పాట వెనక ఒక ఆడదాని కలం ఉందంటే చాలామంది నమ్మరు!

వీడియోలో ఆమె కనబడదు. పెళ్లిళ్లలో ఆడేవాళ్లకు ఆమె ఎవరో తెలియదు. అయినా ఆమెకు అన్యాయం జరగలేదు. ఆ ఏడాది లాటిన్ గ్రామీల్లో ఉత్తమ గీతం బహుమతి ముగ్గురి పేరునా వచ్చింది. పాట అమ్ముడైనా, రేడియోలో మోగినా రచయితగా ఆమె వాటా ఆమెకు ఉంటుంది. ఎందుకంటే పేరు కాగితం మీద ఉంది.

మన పాట సంగతి?

2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు బహుమతి అందుకున్నది పాట రాసిన చంద్రబోస్, స్వరం కట్టిన కీరవాణి. అక్కడా పేర్లు కాగితం మీద ఉన్నాయి. ఏ తగాదా లేదు.

2021లో వచ్చిన 'సారంగదరియా' సంగతి వేరు. 'లవ్ స్టోరీ' సినిమా కోసం సుద్దాల అశోక్‌తేజ రాశారు, మంగ్లీ పాడారు, సాయిపల్లవి ఆడారు. పాటకు మూలం తెలంగాణ జానపదం. దాన్ని వెలుగులోకి తెచ్చింది తానేనని, తనకు గుర్తింపు ఏదని గాయని కోమలి అడిగారు. టీవీలో, పత్రికల్లో పెద్ద చర్చే జరిగింది. పేరు, పారితోషికం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల బహిరంగంగా చెప్పారు. కోమలి నోరు తెరిచి అడిగారు కాబట్టి ఆ మాత్రమైనా జరిగింది. అడగని వాళ్ల మాటేమిటి?

చట్టం ఏమంటోంది?

మన కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. సినిమా పాట రాసిన వారికీ, బాణీ కట్టిన వారికీ రాయల్టీలో వాటా ఉంటుంది. నిర్మాత దాన్ని రాయించేసుకున్నా చెల్లదు. పాడినవారికీ తమ గానంపై హక్కు ఉంది. వాళ్ల అనుమతి లేకుండా ఆ గొంతును రికార్డు చేసి అమ్ముకోకూడదు.

మరి ఎవరు కట్టారో తెలియని తరాలనాటి పాట? అది ఊరుమ్మడి సొత్తు. ఎవరైనా వాడుకోవచ్చు. దానికి నాలుగు కొత్త చరణాలు కలిపిన కవికి తన చరణాల మీద హక్కు వస్తుంది. ఆ పాటను నాలుక మీద పెట్టుకుని ఇంతదాకా మోసుకొచ్చిన అమ్మమ్మకు మాత్రం ఏమీ రాదు!

మళ్లీ తుళ్లూరుకే వద్దాం. ఇవి పత్తి, మిరప పండిన నేలలు. పత్తి తీసేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు, కల్లంలో తాలుకాయలు ఏరేటప్పుడు పదిమంది ఆడవాళ్లు ఒక్కచోట చేరితేనే పాట పుడుతుంది. ఒకామె అందుకుంటే మిగతావాళ్లు వంత పాడాలి. 2015లో రాజధాని కోసం ఈ ప్రాంతంలో 33 వేల ఎకరాలకు పైగా సమీకరించారు. రైతులకు ప్లాట్లు, కౌలు అన్నారు. భూమిలేని కూలి కుటుంబాలకు మొదట్లో నెలకు 2,500 రూపాయల పింఛను ఇచ్చారు. ఆ పొలాల్లో పని పోయాక కూలి ముఠాలు చెదిరిపోయాయి. కూలికైతే పింఛనని ఏదో లెక్క కట్టారు. ముఠాతోపాటు పోయిన పాటను ఏ లెక్కలో రాశారు?

డెస్పసీతోకు ఆడవద్దని కాదు. హాయిగా ఆడండి! కానీ ఈ సంక్రాంతికి ఇంట్లో నాయనమ్మనో, వీధిలో కూలికెళ్లే పెద్దమ్మనో కూర్చోబెట్టి ఒక్క పాట పాడించుకోండి. ఆమెను అడిగే సెల్‌ఫోన్లో రికార్డు చేయండి. ఆమె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ పని చేస్తూ పాడేదో, తేదీతో సహా రాసిపెట్టండి. నలుగురికీ పంపితే ఆ పేరుతోనే పంపండి. ఆమె ఇష్టపడితేనే సుమా!

రేపు ఆ పాట ఏ సినిమాలోనో మోగితే డబ్బు వస్తుందో రాదో చెప్పలేం. "ఇది ఫలానా ఆమె పాడిన పాట" అని చూపించడానికి మాత్రం మన చేతిలో ఒక కాగితం ఉంటుంది.