కాటా ముల్లు యాభై మీద!

2020 ఏప్రిల్ 5, ఆదివారం. రాత్రి తొమ్మిది కావస్తోంది. కరోనా లాక్‌డౌన్‌తో ఇంటిపట్టునే ఉన్న జనం ప్రమిదల్లో నూనె పోసి, వత్తులు వేసి సిద్ధంగా ఉన్నారు. ప్రధాని పిలుపు మేరకు తొమ్మిది నిమిషాలపాటు ఇంట్లో లైట్లన్నీ ఆర్పి దీపాలు వెలిగించాలి. పిల్లలకైతే అదో పండగ. కరెంటు పంపిణీని క్షణక్షణం కనిపెట్టుకుని ఉండే లోడ్ డిస్పాచ్ సెంటర్ల ఇంజినీర్లకు మాత్రం అది పరీక్షా సమయం!

లైట్లు ఆర్పితే కరెంటు ఆదా అవుతుంది కదా, అందులో కంగారేముంది? చిక్కంతా అక్కడే ఉంది. బియ్యంలా బస్తాల్లో నింపి అటక మీద దాచుకునే సరుకు కాదు కరెంటు. ఏ క్షణానికి ఎంత వాడుతుంటే ఆ క్షణానికి అంతే సరఫరా కావాలి. ఆ లెక్క కుదిరిందో లేదో చెప్పేది ఒకే ఒక్క అంకె... యాభై. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దాన్నే 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ అంటారు. వాడకం ఎక్కువైతే అది తగ్గుతుంది, ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది. కిరాణా కొట్లో కాటా ముల్లు లాంటిదన్నమాట. ముల్లు మరీ ఓ పక్కకు ఒరిగిపోతే, దెబ్బతినకుండా యంత్రాలు వాటంతటవే ఆగిపోతాయి. ఒకటి ఆగితే ఆ భారం మిగతావాటి మీద. అలా ఒకదాని వెనక ఒకటి... చివరికి అంతా చీకటి.

మించితే వాతే!

ఈ ముల్లును నిలబెట్టడానికి ముందుగా కావాల్సి వచ్చింది కొత్త యంత్రం కాదు, కొత్త పద్దు. 1990ల్లో దక్షిణాది గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ తరచూ 48 దగ్గరకు జారిపోయేది. తమ వాటాకు మించి లాగినా రాష్ట్రాలకు పెద్దగా నష్టం లేకపోవడమే అందుకు ఓ ముఖ్య కారణం. 2002లో పశ్చిమ, ఉత్తర ప్రాంతాల్లో, 2003 జనవరిలో దక్షిణాదిలో కొత్త టారిఫ్ వచ్చింది. రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేశారు. ఏ ముక్కలో ఎంత కరెంటు తీసుకుంటారో ముందురోజే లెక్క కట్టాలి. దానికి మించి తీసుకుంటే అప్పటి ఫ్రీక్వెన్సీని బట్టి ధర. ముల్లు ఎంత కిందుంటే వాత అంత పెద్దది! పావుగంటకోసారి లెక్క రాసిపెట్టే మీటర్లు వచ్చాయి కాబట్టే ఇది సాధ్యమైంది. ముల్లు మెల్లగా యాభై వైపు జరిగింది.

మాట వినకపోతే...

అయినా 2012 జులైలో దెబ్బ తప్పలేదు. 30వ తేదీ తెల్లవారుజామున మధ్యప్రదేశ్‌లో బీనా-గ్వాలియర్ లైను భారం మోయలేక ట్రిప్ అయింది. ఉత్తరాది చీకట్లో మునిగింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే కథ. ఈసారి తూర్పు, ఈశాన్య ప్రాంతాలు కూడా కుప్పకూలాయి. సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతమది. రైళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. పశ్చిమ బెంగాల్‌లో బొగ్గు గనుల్లో చిక్కుకుపోయిన కార్మికులను పైకి తేవడానికి గంటలు పట్టింది. విచారణ కమిటీ తేల్చినదాంట్లో ఓ మాట గుర్తుంచుకోదగ్గది... 'ఎక్కువ లాగుతున్నారు, తగ్గించండి' అని పైనుంచి చెప్పినా రాష్ట్రాల కేంద్రాలు తగినట్టు స్పందించలేదు!

అప్పుడు దక్షిణాది బయటపడింది. మన గ్రిడ్ ఇంకా వాటితో కలవలేదు కాబట్టి. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో అదీ కలిసిపోయింది. ఇక దేశమంతటికీ ఒకే కాటా. ఎక్కడ తేడా వచ్చినా అందరికీ తెలుస్తుంది. అందుకే సెకనుకు పాతికసార్లు, అంతకుమించీ గ్రిడ్ నాడి చూసి, ఉపగ్రహ గడియారంతో వేళ సరిచూసుకునే పరికరాలను ముఖ్యమైన సబ్‌స్టేషన్లలో అమర్చుతూ వచ్చారు.

ఆ తొమ్మిది నిమిషాలు

మళ్లీ ఏప్రిల్ 5కు వద్దాం. ఇంజినీర్లకు దొరికింది రెండున్నర రోజుల వ్యవధి. వారి అంచనా, వాడకం 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని. బొగ్గు యంత్రాలను అప్పటికప్పుడు ఆపి, అప్పటికప్పుడు నడపలేరు. జలవిద్యుత్ అలా కాదు, నీళ్లు కట్టేస్తే నిమిషాల్లో తగ్గుతుంది, వదిలితే నిమిషాల్లో పెరుగుతుంది. అందుకే సాయంత్రం నీటిని పొదుపుగా వాడి, తొమ్మిదికి ముందు ఉత్పత్తి పెంచి ఉంచారు. తగ్గించాల్సి వస్తే చేతిలో అదుపు ఉండాలి కదా!

తీరా తగ్గింది... 31 వేల మెగావాట్లకు పైగా! అంచనాకు రెట్టింపు కన్నా ఎక్కువ. జలవిద్యుత్ కేంద్రాలే 17 వేల మెగావాట్లకు పైగా తగ్గించుకుని, లైట్లు వెలగగానే మళ్లీ అందుకున్నాయి. ఫ్రీక్వెన్సీ 49.7కి తగ్గలేదు, 50.26ను దాటలేదు. ఎక్కడా గ్రిడ్ కూలలేదు. 2012లో లేనిదీ, 2020లో ఉన్నదీ కంప్యూటర్లొక్కటే కాదు. ఎవరేం చేయాలో ముందే రాసుకుని, అందరూ ఆ మాట మీద నిలబడ్డారు.

ఇప్పుడు అలాంటి పరీక్ష రోజూ ఉంది. పొద్దుగూకగానే సోలార్ కరెంటు ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో స్విచ్చులు పడతాయి. ఆ లోటు పూడ్చడానికి శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోలా నీటిని వెనక్కి ఎత్తిపోసే యంత్రాలు కావాలి, బ్యాటరీలు కావాలి. వాటితో పాటు వాడేవాళ్లూ కలిసిరావాలి. స్మార్ట్ మీటర్లతో వేళను బట్టి ధర నిర్ణయించే నిబంధనలను కేంద్రం 2023లో తెచ్చింది. సోలార్ దండిగా ఉన్న పగటివేళ చవక, సాయంత్రం ప్రియం అన్నది దాని సారాంశం. అమలు ఎలా అన్నది రాష్ట్రాల నియంత్రణ మండళ్లు తేల్చాలి.

రెండు దశాబ్దాల కిందట రాష్ట్రాలకు నేర్పిన పాఠం అలా ఇంటి గుమ్మం దాకా వస్తోందన్నమాట. రేపు ట్యాంకు నింపే మోటారు సాయంత్రం ఏడింటికి కాకుండా మధ్యాహ్నం పన్నెండింటికి వేస్తే, ఆ ఇంటి బిల్లూ తగ్గొచ్చు... ఎక్కడో ఓ కాటా ముల్లూ కాస్త నిలకడగా నిలబడొచ్చు!