మీ మండలంలో ఈ దుకాణం మీరే తెరవండి

మీ మండల కేంద్రంలో బస్టాండు నుంచి సంత దాకా ఒకసారి నడిచి చూడండి. సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంటుంది, పురుగుమందుల దుకాణం ఉంటుంది, మినరల్ వాటర్ ప్లాంటు ఉంటుంది, పుట్టినరోజు ఫ్లెక్సీలు వేసే షాపు కూడా ఉంటుంది. లోపలికి అడుగుపెట్టి “మా ఇంటికి మరుగుదొడ్డి కావాలి, మొత్తం ఎంతవుతుంది, ఎన్ని రోజుల్లో కట్టిస్తారు?” అని అడగగలిగే దుకాణం మాత్రం కనబడదు. చదువు ముగించి, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ ఊళ్లోనే ఉన్న యువతీ యువకులారా, ఆ దుకాణం మీరు తెరవాలని అడగడానికే ఇది రాస్తున్నాను.

కూలికి పోయే ఒక కుటుంబం మరుగుదొడ్డి కట్టుకుందామనుకుంటే ఏమవుతుందో గమనించండి. పాన్, ట్రాప్ కావాలంటే టౌనుకు పోవాలి. వరలు ఒక చోట, ఇటుక మరో చోట. ఇసుక ట్రాక్టరు వాడు సగం లోడు తోలనంటాడు. గుంత తవ్వేవాళ్లను వెతుక్కోవాలి. తాపీ మేస్త్రీ ఇంత చిన్న పనికి ఎందుకులే అని రేపు, ఎల్లుండి అంటూ తిప్పుతాడు. గుంత ఎంత లోతు ఉండాలి, చేదబావికి ఎంత దూరంలో ఉండాలి అంటే తలా ఒక మాట చెబుతారు. ఖర్చెంతో చివరిదాకా ఎవరూ తేల్చరు. ఈ తిరుగుడుకే రోజుల కూలి పోతుంది. విసిగి వదిలేస్తే, పట్నాల్లో కూర్చున్న పెద్దలు “వాళ్లకు అవగాహన లేదండీ” అంటారు. ఎన్నేళ్లుగానో ఆ మాట వింటున్నాను, విన్నప్పుడల్లా మండిపోతుంది. చీకటి పడేదాకా కడుపు బిగబట్టుకుని కూర్చునే ఆడపిల్లకు అవగాహన నేర్పాలా? ఆమె ఇంటికి వచ్చి, ధర చెప్పి, పని చేసి, పూచీ పడే మనిషి ఆ ఊళ్లో లేడు. ఆ ఖాళీని నింపగలిగేది మీరే.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ కార్యక్రమం ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చింది, ఐదేళ్లలో గ్రామాల్లో 10 కోట్లకు పైగా మరుగుదొడ్లు లేచాయి. చిన్న పని కాదు అది. అయినా 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గ్రామీణ కుటుంబాల్లో దాదాపు నాలుగో వంతు ఏ మరుగుదొడ్డీ వాడడం లేదని తేలింది. కట్టినవాటిలో కొన్నింట్లో కట్టెలు, పిడకలు పేర్చి ఉండడం మీరూ చూసే ఉంటారు. లక్ష్యం పూర్తిచేయాలన్న తొందరలో చాలా చోట్ల ఊరంతటికీ ఒకే కొలతతో కట్టేశారు, బిల్లు తీసుకున్నారు, వెళ్లిపోయారు. బోరు మోటారు కాలిపోతే ఎవరిని పిలవాలో ప్రతి రైతుకూ తెలుసు. పాయఖానా పూడుకుపోతే ఎవరిని పిలవాలో ఎవరికీ తెలియదు. తలుపు ఊడినా, ట్రాప్ పగిలినా ఆ గది ఇక కట్టెల గదే. పెళ్లయి వేరుపడిన కొడుకు కొత్త ఇల్లు కట్టుకుంటాడు, పాత లెక్కల్లో ఆ ఇల్లు ఉండదు. సర్కారు డబ్బు పంపగలదు. ఊళ్లో ఉండి, ఫోను చేస్తే వచ్చి, చెడిపోయింది బాగుచేసే పని ఊరివాళ్లే చేయాలి.

ఇది కలగని చెబుతున్న మాట కాదు. కంబోడియాలో చేసి చూపించారు. 2008 జనాభా లెక్కల నాటికి ఆ దేశపు గ్రామాల్లో నాలుగింట ఒక వంతు ఇళ్లకు కూడా మరుగుదొడ్డి లేదు. ఐడీఈ అనే స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో తిరిగి జనాన్ని అడిగితే, అక్కరలేదని అన్నవాళ్లు పెద్దగా లేరు. కడితే ఇటుకగోడలతో, పలకలతో, వందల డాలర్లు పోసి పక్కాగా కట్టాలి, అంత డబ్బు చేతికొచ్చేదాకా ఆగుదాం అని ఏళ్ల తరబడి ఆగిపోయినవాళ్లే ఎక్కువ. మన ఊళ్లలో వినబడే మాటే ఇది. జెఫ్ చాపిన్ అనే డిజైనర్ అక్కడివాళ్లతో కలిసి పనిచేసి, సమస్యను రెండుగా విడగొట్టాడు. నేల కింద ఉండాల్సినదాన్ని మొదట అమ్మాలి, పైన గది తాటాకుతో కట్టుకుంటారో ఇటుకతో కట్టుకుంటారో ఆ ఇంటివాళ్ల ఇష్టం. మూడు సిమెంటు వరలు, పాన్ బిగించిన పలక, ఒక చిన్న సిమెంటు పెట్టె, ఒక పైపు. అంతే సరుకు. మొదట్లో ధర ముప్పయి డాలర్ల చుట్టూ ఉండేది. ఒక్క బండి మీద ఇంటి ముందుకు వస్తుంది, ఒక్క రోజులో దిగిపోతుంది.

దీన్ని ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో తయారుచేయలేదు. ఊళ్లలో బావులకు వరలు పోసుకుని బతికే చిన్న చిన్న వ్యాపారులకే అచ్చులు ఇచ్చి, లెక్క రాసుకోవడం, గడప గడపకూ వెళ్లి అమ్మడం నేర్పారు. ఊళ్లోవాళ్లే కమిషను మీద ఆర్డర్లు తెచ్చారు. సంస్థ ఒక్క మరుగుదొడ్డినీ ఉచితంగా కట్టి ఇవ్వకుండా, అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య దారి వేసింది. అదే ధరకు, వాయిదాల మీద అప్పు ఇస్తామన్నచోట కొన్నవాళ్ల సంఖ్య దాదాపు నాలుగు రెట్లు పెరిగిందని అక్కడ చేసిన ఒక అధ్యయనంలో తేలింది. పేదవాడికి ధర ఒక అడ్డంకి అయితే, ఆ ధర మొత్తం ఒకేసారి కట్టాల్సి రావడం అంతకంటే పెద్ద అడ్డంకి. పొదుపు సంఘాలు ఊరూరా ఉన్న మనకు ఈ అడ్డంకి దాటడం కంబోడియా కంటే తేలిక.

మన దేశంలోనూ ఇలాంటిది ముందే జరిగింది. పశ్చిమ బెంగాల్లోని మేదినీపూర్ జిల్లాలో 1990లో నరేంద్రపూర్ రామకృష్ణ మిషన్ లోకశిక్షా పరిషత్, యునిసెఫ్ కలిసి మొదలుపెట్టిన పనికి నడుంకట్టింది ఊళ్లలోని యువజన సంఘాలే. బ్లాకుల్లో చిన్న తయారీ కేంద్రాలు పెట్టుకుని, చవకవాటి నుంచి ఖరీదైనవాటి దాకా రకరకాల నమూనాలు పోసి అమ్మారు. స్తోమతు కొద్దీ కొనుక్కున్నారు జనం. తమ డబ్బు పెట్టి కొన్న వస్తువు గనుక వాడుకున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఇక్కడ మీరు గట్టిగా నిలబడకపోతే మిగతాదంతా వృథా.

మన దేశంలో మరుగుదొడ్డి అనగానే పెద్ద ట్యాంకు కావాలంటారు. పదడుగుల లోతు, మనుమల కాలం దాకా నిండకూడదు. దాంతో ఖర్చు ఎక్కడికో పోతుంది, పేదవాడు వెనక్కి తగ్గుతాడు. డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ అనే పరిశోధకులు ఉత్తరాది ఐదు రాష్ట్రాల పల్లెల్లో సర్వే చేస్తే, పనిచేసే మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో కూడా నూటికి 40 ఇళ్లలో కనీసం ఒకరు బయలుకే వెళ్తున్నట్లు తేలింది. గుంత నిండిపోతుందేమో, దాన్ని ఎవరు తీస్తారు అన్న భయం దీని వెనక ఉంది. ఆ భయం వెనక కులం ఉంది. ఎవరి చేత ఆ పని చేయించారో, ఇంకా ఎవరి చేత చేయిస్తున్నారో మనందరికీ తెలుసు. మనుషులచేత మలం ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది. కోలారు బంగారు గనుల్లో పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా పోరాడుతున్నది దీనిమీదే. అయినా సెప్టిక్ ట్యాంకుల్లో దిగి మనుషులు చనిపోతూనే ఉన్నారు. పెద్ద ట్యాంకు కట్టిన ప్రతి ఇల్లూ ఎప్పుడో ఒకనాడు ఒక మనిషిని అందులోకి దించే ప్రమాదాన్ని కడుతోంది.

దీనికి జవాబు జంట గుంతలు. సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ 1970ల నుంచి దేశమంతా ప్రచారం చేసింది దీన్నే. మీటరు వెడల్పు, మీటరుకు కాస్త మించిన లోతుతో రెండు గుంతలు. గోడల్లో ఇటుకల మధ్య సందులుంటాయి, నీరు మట్టిలోకి ఇంకిపోతుంది, వాయువులను కూడా మట్టే పీల్చుకుంటుంది, పొగగొట్టం లాంటి పైపు అక్కరలేదు. పాన్ వాలు ఎక్కువగా ఉంటుంది కాబట్టి రెండు లీటర్ల నీళ్లు పోస్తే చాలు. ఐదారుగురున్న ఇంట్లో ఒక గుంత నిండడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. నిండగానే, పైపు రెండు గుంతలకు చీలేచోట ఉండే చిన్న ఛాంబరులో దారి మార్చి రెండోది వాడతారు. మూసిన గుంత ఏడాదిన్నర, రెండేళ్లు కదపకుండా వదిలేస్తే లోపలున్నది వాసన లేని, పొడిబారిన ఎరువవుతుంది. ఇంటాయనే పారతో తీసి కూరపాదులకు వేసుకోవచ్చు.

నమ్మకం కలగడం లేదా? 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో, కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శిగా ఉన్న పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలో దిగి ఎరువును చేత్తో తీసి చూపించారు. ఢిల్లీలో అంత పెద్ద హోదాలో ఉన్న అధికారి మన తెలుగు పల్లెలో చేసిన పని అది. ఆయన ఒక్కసారి చేసి వెళ్లారు. ప్రతి ఊళ్లో, ప్రతి వీధిలో అలా చేసి చూపించాల్సింది మీరు. జనం మనసులో పాతుకున్న అసహ్యం ఉపన్యాసాలతో పోదు. పక్కింటి కుర్రాడు, అదీ ఆ పని తన కులానిది కాదని అందరూ అనుకునే కుర్రాడు, ఆ ఎరువును అరచేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు పోతుంది.

పని నేర్చుకుని దిగండి. ఛాంబరు పెట్టకుండా రెండు గుంతలకూ ఒకేసారి పైపు కలిపేసే మేస్త్రీలున్నారు, గుంత లోపల నున్నగా సిమెంటు పూసి నీరు ఇంకకుండా చేసేవాళ్లున్నారు. ఈ రెండు తప్పుల వల్ల జంట గుంతలకే చెడ్డపేరు వచ్చింది. కోనసీమలో, కృష్ణా డెల్టాలో నీళ్లు పైపైనే తగులుతాయి. అక్కడ గుంత అడుగు మూసి, చుట్టూ ఇసుక పొర వేయాలి, అవసరమైతే గుంతను నేల మట్టం కన్నా పైకి లేపాలి. నల్లరేగడిలో నీరు తొందరగా ఇంకదు, చుట్టూ ఇటుక ముక్కలు, ఇసుక నింపాలి. బండరాయి తగిలే ఊళ్లలో మరో పద్ధతి. హైదరాబాదులో గీసిన ఒక్క బొమ్మతో ఇవన్నీ కుదరవు, మీ ఊరి నేల తెలిసిన మీకే కుదురుతాయి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన పిల్లలకు ఈ విద్య ఎంత, ఒక నెల పని!

చెల్లెళ్లారా, ఈ వ్యాపారంలో ముందు నిలవాల్సింది మీరు. గర్భిణి కోడలి అవస్థ, రజస్వల అయిన పిల్ల అవస్థ, మోకాళ్ల నొప్పుల ముసలమ్మ అవస్థ మగవాడితో చెప్పుకోరు, మీతో చెబుతారు. పైగా పొదుపు సంఘం పద్దు మీ చేతుల్లో ఉంది. సంఘంలో అప్పు తీసుకుని నెలనెలా కట్టుకునే ఏర్పాటు మీరు చేస్తే కొనలేని ఇల్లు చాలా తక్కువ. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు, ఆ తర్వాతే ఆ జిల్లాలో పొదుపు ఉద్యమం ఊపందుకుంది. ఒక దుకాణాన్ని మూయించిన తల్లుల బిడ్డలు ఇప్పుడు ఒక దుకాణం తెరవాలి.

పెట్టుబడి గురించి భయపడకండి. వరల అచ్చులు, కొన్ని బస్తాల సిమెంటు, ఇసుక, కాస్త నీడ, అద్దెకు ఒక ఆటో ట్రాలీ. ముద్ర పథకంలో 50,000 రూపాయల వరకు శిశు రుణం పూచీకత్తు లేకుండా ఇస్తారు. కొత్త కట్టుబడులతో మొదలుపెట్టండి, కానీ రిపేర్లను తక్కువ చూడకండి. పదేళ్ల కిందట కట్టినవాటికి తలుపులు, పైపులు, రెండో గుంత కావాలి. కంబోడియాలో కూడా కొన్నేళ్లకు గుంతలు నిండడం మొదలైతే, అదే వ్యాపారులు రెండో గుంతను కొత్త సరుకుగా అమ్మడం మొదలుపెట్టారు. ఒక్క షరతు మాత్రం ప్రాణంగా పాటించండి: మిగులు ఎక్కువ కదా అని పేదవాడికి పెద్ద ట్యాంకు అంటగట్టకండి. లాభం తీసుకోండి, అది మీ కష్టం, సిగ్గుపడాల్సిన పని లేదు. లాభం లేనిదే ఈ పని రెండో ఏడు నిలవదు.

నవ్వేవాళ్లు నవ్వుతారు. బీటెక్ చదివి పాయఖానాలు అమ్ముతున్నాడా అంటారు, పిల్లనెవరిస్తారు అంటారు. అననివ్వండి. ఒక ఆడపిల్ల చీకటి కోసం ఎదురుచూడకుండా, ఒక ముసలాయన వానలో గట్టు మీద జారిపడకుండా, ఒక మనిషి మరో మనిషి మలంలోకి దిగకుండా చేసే పని కంటే పెద్ద ఉద్యోగం ఏ నోటిఫికేషన్ మీకిస్తుంది?

ఈ వేసవి వృథా చేసుకోకండి, గుంతలు తవ్వడానికి ఇదే అదను. ఇద్దరు మిత్రులను, మీ ఊరి మేస్త్రీని, ఒక పొదుపు సంఘం అధ్యక్షురాలిని కూర్చోబెట్టి ఇటుక నుంచి కూలి దాకా ధరలు కాగితం మీద వేయండి. వానలు పడేలోపు మొదటి జంట గుంతలు మీ ఇంట్లోనే దించండి, ఊరిని పిలిచి మూత తీసి చూపించండి. ఆ పక్క గోడ మీద మొత్తం ధర రాయండి, దాని కింద మీ ఫోను నంబరు రాయండి.