కనపడని బోల్టు



పోయిన వారం ఒంగోలు నుంచి కావలి వెళ్తూ సింగరాయకొండ దగ్గర టీకి ఆగాను. తిరిగొచ్చి తాళం తిప్పితే కారు "టక్" మని ఊరుకుంది. పక్కనే రేకుల షెడ్డు. మేస్త్రీ బ్యాటరీ చూశాడు, బాగానే ఉంది. "స్టార్టర్ మోటార్ పోయింది సార్, దించాలి" అన్నాడు.

దానికి రెండు బోల్టులు. కిందది రెండు నిమిషాల్లో వచ్చింది. పైది గేర్‌బాక్స్ మీద, ఇంజన్ వెనక సందులో ఉంది. కంటికి కనపడదు. మేస్త్రీ చెయ్యి లావు, పట్టలేదు. షెడ్డు కుర్రాణ్ణి పిలిచాడు. పక్క ఊరి మాదిగపల్లె పిల్లాడు. పది ఆపేసి ఆరేళ్లుగా అక్కడే పని.

ఆ పిల్లాడి పని చూడండి. అప్పటికే బ్యాటరీ నెగటివ్ వైరు తీసి ఉందో లేదో మళ్లీ చూసుకున్నాడు. స్టార్టర్‌కి వచ్చే లావు వైరులో కారు ఆపేసినా కరెంటు ఉంటుంది, పానా బాడీకి తగిలితే నిప్పులే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఊడదీసి దారి చేసుకున్నాడు. బోల్టు తలని గుడ్డతో తుడిచి, తుప్పు నూనె కొట్టి, పక్కన కూర్చున్నాడు.

"ఎందుకు తమ్ముడూ ఆగడం?"

"ఇప్పుడే లాగితే తల అరుగుద్ది అన్నా. లేదంటే విరుగుద్ది. గేర్‌బాక్స్ అల్యూమినియం, మర పోయిందంటే పెద్ద పని."

ఇరవై నిమిషాలయ్యాక ఆరు మూలల సాకెట్ తీశాడు. పన్నెండు మూలలది తుప్పు పట్టిన తల మీద జారుద్దట. దానికి మెడ తిరిగే జాయింటు, రెండు పొడుగు రాడ్లు కలిపాడు. ఎడమచేతి వేలు సందులోకి పోనిచ్చి సాకెట్ సరిగ్గా కూర్చుందో లేదో తడిమాడు. ముందు పిసరంత బిగించాడు. తుప్పు పట్టు వదిలాక విప్పాడు. కిర్రుమని వచ్చేసింది. మళ్లీ ఎక్కించేటప్పుడు బోల్టు జారకుండా సాకెట్‌లో కాస్త గ్రీజు పెట్టాడు. నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాడు, ఆ తర్వాతే పానా.

"కనపడకుండా ఎట్టా తెలుసుద్ది?" అనడిగాను.

"వేలికి తెలుసుద్ది అన్నా."

ఆ మాట నన్ను వదల్లేదు. తాకడాన్నే నేరం చేసిన సమాజం మనది. తోలు తాకిన చెయ్యి, బురద తాకిన చెయ్యి మైల అన్నారు. నోటితో వల్లించింది చదువు అయింది, చేత్తో తాకి తెలుసుకున్నది కూలి పని అయింది. కులం పనిని మాత్రమే విడదీయలేదు, పని చేసేవాళ్లని విడదీసిందని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చారు. ఆ బోల్టు అక్కడెందుకు ఉందో ఆలోచించండి. ఫ్యాక్టరీలో ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ బయటే కలిపి, తర్వాత కారులో దించుతారు. అప్పుడు ఆ బోల్టు అందరికీ అందుద్ది. గీసినవాడికి పట్టా ఉంది, జీతం ఉంది. ఏళ్ల తర్వాత దాన్ని చీకట్లో వెతికి తీసేవాడికి ఒక్క కాగితం కూడా లేదు.

"చేతిలో పనుంటే కాగితమెందుకు?" అంటారు కొందరు. వాళ్ల పిల్లలకి ఆ మాట చెప్పరు. ఆ కుర్రాడు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే మొదట అడిగింది ఐటీఐ సర్టిఫికెట్. అది లేక తిరిగొచ్చాడు. పనితనాన్ని పొగిడి షెడ్డులోనే ఉంచడం కూడా కులం చేసే పనే.

చట్టంలో దారులున్నాయి. 1961 అప్రెంటిస్ చట్టానికి 1973లో చేసిన సవరణతో 3ఏ సెక్షన్ వచ్చింది, ఎస్సీ ఎస్టీలకి శిక్షణ స్థానాలు కేటాయించాలంది. ముందే పని నేర్చినవాళ్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పెట్టారు. ఈ రెండూ ఆ పిల్లాడికి తెలియవు. తప్పు వాడిదా?

ప్రతి జూలై 17న కారంచేడు అమరులకి దండలు వేస్తాం. వెయ్యాలి. కానీ ఆ సభకి వెళ్లే దారిలో ఎన్ని షెడ్లు దాటి వెళ్తున్నాం? ఒక్కదాని ముందైనా బండి ఆపామా?

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక ఆదివారం మీ ఊరి షెడ్డుకి వెళ్లండి. ఆ పిల్లాడి పక్కన కూర్చుని పానా పట్టుకోవడం నేర్చుకోండి. పుస్తకంలో చదివిన మర వేలికి తగిలితే ఎట్టా ఉంటుందో తెలుసుకోండి. బదులుగా వాడు ఎన్నేళ్లు ఏ పనులు చేశాడో రాసిపెట్టండి. ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం సిద్ధం చేయించండి. అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో వాడి పేరు ఎక్కించండి. పది ఆగిపోయినవాడి చేత ఓపెన్ స్కూల్ ఫీజు కట్టించండి.

నేను ఆ కుర్రాడి ఫోన్ నంబరు తీసుకున్నాను. వచ్చే ఆదివారం సింగరాయకొండ వెళ్తున్నాను. ఈసారి కారు బాగానే ఉంది.

జై భీమ్.