పాఠము చెప్పని బడి



గత చలికాలములో ఒక ఆదివారము, ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్లిన తరువాత, మా సంఘములోని ఒక తండ్రి వరండాలో మా కొరకు నిలబడియున్నాడు. అతని పెద్ద కుమార్తె మనస్తత్వశాస్త్రము చదువుటకు నెదర్లాండ్సు దేశములోని ఒక విశ్వవిద్యాలయమునకు వెళ్లి అప్పటికి నాలుగు మాసములైనది. అతని ముఖములో దిగులు కనబడుచున్నది.

"అయ్యగారూ, ఎకరంన్నర తాకట్టు పెట్టి పిల్లను పంపాను. అక్కడ పంతుళ్లు పాఠమే చెప్పరంట. పిల్లలే గుండ్రంగా కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటారంట. ఇదేమి చదువండీ? మోసపోయామా?" అని అడిగాడు.

మాకును వెంటనే జవాబు తోచలేదు. మేము చదువుకొన్నదంతా పంతులుగారు చెప్పగా వ్రాసుకొని, వల్లెవేసి, పరీక్షలో అప్పగించిన చదువే. ఆ సాయంత్రము అతనిని మా ఇంటికి పిలిచి, ఆ అమ్మాయితో ఫోనులో మాట్లాడితిమి. ఆమె చెప్పిన మొదటి మాట మమ్మును ఆలోచింపజేసినది. "అయ్యగారూ, నాకు చదువు రాక కాదండీ, నోరు రావడం లేదు."

ఆ చదువు సంగతి విన్న తరువాత, దానిని గూర్చి తెలిసికొన్నది మీతో పంచుకోవాలనిపించినది.

ఈ పద్ధతిని సమస్య ఆధారముగా నేర్చుకొనుట అందురు. కెనడా దేశములో హామిల్టన్ పట్టణమందలి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయములో 1969లో వైద్య విద్యార్థుల కొరకు దీనిని ప్రారంభించిరి. 1974లో నెదర్లాండ్సులోని మాస్ట్రిక్ట్ పట్టణములో క్రొత్తగా తెరచిన వైద్య కళాశాల దీనిని చేపట్టినది. తరువాత ఇతర శాస్త్రములకును ఇది వ్యాపించినది. ఉపన్యాసములు అసలే లేవని కాదు, ఉన్నవి, అయితే తక్కువ. చదువుకు నడుము వంటిది పది పదిహేనుమంది కూర్చుండు చిన్న గుంపు.

ఆ గుంపునకు పాఠము కాదు, ఒక సమస్యను ఇచ్చెదరు. మాస్ట్రిక్ట్ వారు ఏడు మెట్లను ఏర్పరచిరి. మొదట సమస్యలో తెలియని మాటలకు అర్థము తేల్చుకొందురు. రెండవది, అసలు చిక్కు ఎక్కడున్నదో గుర్తించెదరు. మూడవది, పుస్తకము తెరువకముందే తమకు తోచిన కారణములన్నియు చెప్పుదురు. నాలుగవది, వాటిని వరుసలో పెట్టెదరు. ఐదవది, మనకు ఇంకను తెలియనిదేమి అని ప్రశ్నలు వ్రాసుకొందురు. ఆరవది, ఎవరికి వారు గ్రంథాలయములో చదివెదరు. ఏడవది, మరల కూడి తాము కనుగొన్నది ఒకరికొకరు వివరించెదరు. విద్యార్థులలో ఒకరు సభను నడిపించుదురు, ఒకరు బోర్డు మీద వ్రాయుదురు. అధ్యాపకుడు ప్రక్కన కూర్చుండి, గుంపు దారి తప్పినప్పుడు ఒక ప్రశ్న వేయును.

ఆ అమ్మాయి గుంపునకు జ్ఞాపకశక్తిని గూర్చి వచ్చిన సమస్య ఇది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అను యువకునికి చిన్ననాటి నుండి మూర్ఛవ్యాధి ఉండెను. 1953లో, అతనికి 27 ఏండ్ల వయసున, మెదడుకు ఇరుప్రక్కల లోపలి భాగమును కొంత తీసివేసి శస్త్రచికిత్స చేసిరి. మూర్ఛలు తగ్గినవి గాని, ఆనాటి నుండి క్రొత్త సంగతి ఏదియు అతని మనసులో నిలువలేదు. ఇప్పుడే మాట్లాడిన మనిషిని కొంతసేపటికి ఎరుగనట్లే చూచెడివాడు. అయితే బ్రెండా మిల్నర్ అను శాస్త్రజ్ఞురాలు అతనికి ఒక పని ఇచ్చినది. అద్దములో మాత్రమే చూచుచు, ఒక నక్షత్రపు బొమ్మ గీతల మధ్య పెన్సిలు నడపవలెను. మూడు దినములు చేయించగా అతని చేయి దినదినము కుదురుకొన్నది. కాని ఆ పని మునుపు చేసిన జ్ఞాపకము మాత్రము అతనికి లేదు! మనసు మరచిన దానిని చేయి ఎట్లు నేర్చుకొన్నది? ఇదే సమస్య.

గుంపులో అందరును తలకొక మాట చెప్పుచున్నారు. మన అమ్మాయి మాత్రము తల వంచుకొన్నది. పెద్దలు అడిగితేనే మాట్లాడవలెనని నేర్పిన ఇంటిలో పెరిగిన పిల్ల. నీకేమి తోచుచున్నదని అధ్యాపకురాలు నెమ్మదిగా అడిగినది. అప్పుడు ఆమెకు ఇంటిలోని నాయనమ్మ గుర్తుకు వచ్చినది.

ఆ ముసలమ్మను మేమును ఎరుగుదుము. మూడేండ్లుగా మతిమరపు. కొడుకును చూచి నీవెవరని అడుగును. మనుమరాలి పేరు ఎప్పుడో మరచినది. కాని ఒకనాడు చాట చేతికి దొరికితే బియ్యము చెరుగుట మొదలుపెట్టినది. నూక ఒక ప్రక్కకు, తవుడు ఒక ప్రక్కకు, ఒక గింజ నేలరాలలేదు. ఆ సంగతినే ఆ పిల్ల తడబడుచు ఇంగ్లీషులో చెప్పినదట. గుంపు అంతయు నిశ్శబ్దమై విన్నదట. వ్రాయువాడు దానిని బోర్డు మీదికి ఎక్కించినాడట. "ఆ రోజే అయ్యగారూ, నేనూ అక్కడ కూర్చోదగిన మనిషినే అనిపించింది," అన్నది.

తరువాత పుస్తకములు చదువగా ఆమెకు తెలిసినదేమనగా, జ్ఞాపకము ఒకే గది కాదు. పేర్లు, జరిగిన సంగతులు నిలుచునది ఒక విధము. చేతికి అలవడిన పని నిలుచునది మరియొక విధము. ఒకటి చెడినను రెండవది మిగిలియుండవచ్చును. ఈ మాట పుస్తకములో ముందుగా చదివియుంటే పరీక్ష మరునాడే మరచియుండెడిదానను, ఇక మరువను అని ఆమె చెప్పినది.

ఇది ఆమె ఒక్కతె అనుభవము మాత్రమే కాదు. హెంక్ ష్మిట్ అను డచ్చి శాస్త్రజ్ఞుడును అతని తోటివారును 1989లో ఒక పరిశోధన ప్రచురించిరి. రక్తకణమును మంచినీటిలో వేస్తే ఉబ్బి పగులును, ఉప్పునీటిలో వేస్తే ముడుచుకొనును, ఎందుకు? మన ఇండ్లలో ఉప్పు వేసిన మామిడిముక్క నీరు ఊరునది గదా, అట్టి సంగతియే. ముందుగా దీనిని గుంపుగా చర్చించి, ఆ తరువాత పాఠము చదివినవారికి, చర్చించక చదివినవారికంటె ఎక్కువ జ్ఞాపకమున్నది. దున్నిన నేలలో విత్తనము నాటుకొన్నట్లు, కదిలించిన మనసులో మాట నాటుకొనును.

రోడిగర్, కార్పికె అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు 2006లో మరియొకటి చూపించిరి. పాఠమును మరల మరల చదివినవారు ఐదు నిమిషముల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. కాని వారము తరువాత పెట్టిన పరీక్షలో, పుస్తకము మూసి గుర్తుకు తెచ్చుకొన్నవారే ముందున్నారు. ఆదివారపు బడిలో కంఠత వాక్యములు అప్పగింపజేసిన మన పెద్దల పని వృథా కాదు. అప్పగించిన దాని అర్థమును కూడ సొంత మాటలలో చెప్పించిన యెడల ఇంకను మేలు.

అయితే ఒక హెచ్చరిక చెప్పకుండ ముగించుట న్యాయము కాదు. కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అను పండితులు ఈ విధమైన చదువును 2006లో గట్టిగా విమర్శించిరి. మనిషి మనసు ఒక్కసారి పట్టుకొనగలది కొంచెమే. ఏమియు తెలియని పిల్లవానిని సమస్యలో దింపి వదలిన యెడల నేర్చుకొనుటకు బదులు తికమకపడునని వారి వాదన. గుంపు మంచిదే గాని, నడిపించువాడు ఉండవలెను. ఈత నేర్పువాడు గట్టున కూర్చుండి ఊరకుండడు గదా.

గనుక తలిదండ్రులారా, మీరు చదువుకొనలేదని వెనుదీయకుడి. సాయంత్రము అన్నము దగ్గర బిడ్డను అడుగుడి: ఈ దినము ఏమి నేర్చుకొన్నావు? అది ఎందుకట్లు జరుగును? పుస్తకము చూడకుండ మాకు చెప్పుము. మీకు జవాబు తెలియనక్కరలేదు. వినుట చాలును. తప్పు చెప్పినను నవ్వవద్దు. నోరు నొక్కిన పిల్ల ఎంత దూరదేశమునకు వెళ్లినను ఆ మూగతనమును మూట కట్టుకొని పోవునని మేము ఆ ఫోనులో విన్నాము.

ఆ రాత్రి ఆ తండ్రి ఏమియు మాట్లాడక లేచి వెళ్లెను. రెండు దినముల తరువాత మేమును పాస్టరమ్మగారును వారి ఇంటికి వెళ్లితిమి. ముసలమ్మ పడిపోవునని, ఏమియు చేయలేదని, మూడేండ్లుగా ఆమెను మంచము దిగనిచ్చెడివారు కారు. ఆ రోజు అరుగు మీద చాప వేసి, గోడకు ఆనించి కూర్చుండబెట్టిరి. ఒడిలో చాట, చాటలో శేరు బియ్యము. కొడుకు ప్రక్కనే కూర్చుండి చూచుచున్నాడు.

"తాకట్టు ఇంకా తీరలేదండీ," అన్నాడు మమ్మును చూచి. "పిల్ల అక్కడ నేర్చుకొంది మాత్రం ఇంటికి వచ్చింది."

ముసలమ్మ అతనిని ఎరుగలేదు. చాట మాత్రము లయ తప్పక ఆడుచున్నది.