మన డైనోసార్లకు ఒక తెలుగు ఆట కావాలి

నాలుగేళ్ల పిల్లలు 'టైరనోసారస్ రెక్స్' అనే నోరు తిరగని పేరును కూడా తడుముకోకుండా చెప్పేస్తారు. కార్టూన్ల పుణ్యం, ఫోన్‌లో ఆడే ఆటల పుణ్యం. అదే పిల్లల్ని 'రాజసారస్' గురించి అడిగితే తెల్లముఖం వేస్తారు. టైరనోసారస్ ఎముకలు దొరికింది ఉత్తర అమెరికాలో. రాజసారస్ ఎముకలు దొరికింది గుజరాత్‌లో. సూరత్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఇది పొరుగింటి డైనోసార్ లాంటిది. అయినా పరిచయం లేదంటే తప్పు పిల్లలది కాదు. వాళ్ల చేతికి మనం ఇస్తున్న ఆటలది.

సూరత్ పేరు ఎత్తడానికి కారణం ఉంది. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలను గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు మాధ్యమంలోనూ నడుపుతోంది. తెలుగు రాష్ట్రాలకు ఇంత దూరంలో తెలుగులో అక్షరాలు దిద్దే పిల్లలు ఉండటం చిన్న విషయం కాదు. అయితే బడి దాటి ఫోన్ తెరిస్తే, ఆ భాషలో ఆ వయసుకు తగిన సైన్స్ వెతికినా దొరకడం కష్టం. ఈ ఖాళీని పూడ్చడానికి చిన్న పిల్లల కోసం తెలుగులో ఒక డైనోసార్ వెబ్ ఆట తయారు చేయాలన్నది నా వాదన. అది ఎలా ఉండాలో, ఎలా ఉండకూడదో కూడా చెప్పాలి. ఎందుకంటే పేరుకు విద్య, లోపల ప్రకటనలు అన్నట్టున్న ఆటలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

ముందు మన దగ్గర ఉన్న సరుకు చూద్దాం. వడోదర దాటి ఉత్తరాన, బాలాసినోర్ దగ్గరి రాయోలీ గ్రామంలో 1980ల తొలినాళ్ల నుంచి డైనోసార్ ఎముకలు, గుడ్లు బయటపడుతూ వచ్చాయి. అక్కడ సేకరించిన ఎముకల ఆధారంగా భారత, అమెరికా శాస్త్రవేత్తలు 2003లో ఒక కొత్త మాంసాహార డైనోసార్‌కు 'రాజసారస్ నర్మదెన్సిస్' అని పేరు పెట్టారు. పేరులోనే నర్మద ఉంది. సూరత్ నుంచి రైల్లో అహ్మదాబాద్ వెళ్లే ప్రతి ఒక్కరూ భరూచ్ దగ్గర దాటే నది అది. రాయోలీలో 2019లో డైనోసార్ మ్యూజియం కూడా తెరిచారు.

మన సొంత నేల సంగతి ఇంకా ఆసక్తికరం. ప్రాణహిత, గోదావరి లోయలోని కోటా శిలల్లో రెండు భారీ శాకాహార డైనోసార్లు దొరికాయి. ఒకటి మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచా ప్రాంతంలోని పోచంపల్లి దగ్గర దొరికిన 'బారాపాసారస్ టాగోరై'. 'బారాపా' అంటే పెద్ద కాలు, 'టాగోరై' అన్నది రవీంద్రనాథ్ టాగూర్ గౌరవార్థం. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో ఉంది. రెండోది తెలంగాణలోని యామన్‌పల్లి పేరు మోస్తున్న 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్'. దీనికి 1988లో పేరు పెట్టిన శాస్త్రవేత్త పి. యాదగిరి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరం దీనిదే. కరీంనగర్ నుంచో వరంగల్ నుంచో సూరత్ వచ్చిన కుటుంబానికి అటు పుట్టిన ఊరి వైపూ, ఇటు బతుకుతెరువు ఊరి వైపూ డైనోసార్లు ఉన్నాయన్నమాట. పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఏముంటుంది?

కానీ కథ చెప్పినంత మాత్రాన ఆట కాదు. ఎక్కువ డైనోసార్ ఆటలు చేసేది పేర్లు బట్టీ పట్టించడం. బొమ్మ కనబడుతుంది, పేరు వినబడుతుంది, నొక్కితే నక్షత్రం వస్తుంది. దీనివల్ల పిల్లలు ఏం నేర్చుకుంటారో తెలుసుకోవడానికి ఒక పాత పరిశోధన పనికొస్తుంది. 1983లో మిషెలీన్ చీ, రాండీ కోస్కే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు డైనోసార్లంటే ప్రాణం పెట్టే నాలుగున్నరేళ్ల పిల్లవాణ్ని పరిశీలించారు. వాడికి 40 డైనోసార్ల పేర్లు తెలుసు. వాటిలో వాడికి బాగా తెలిసినవి కేవలం పేర్లుగా లేవు. ఏది ఏం తింటుంది, ఎక్కడ ఉంటుంది, ఎలా తప్పించుకుంటుంది అన్న సంబంధాలతో ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి. ఏడాది తర్వాత వాడికి బాగా గుర్తున్నవీ అవే. అల్లిక ఉన్న జ్ఞానమే నిలుస్తుంది, విడివిడి పోగులు జారిపోతాయి. మగ్గం తెలిసిన ఇళ్లలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు.

2015లో క్యాథీ హర్ష్-పాసెక్, ఆమె సహ పరిశోధకులు విద్యా యాప్‌లకు నాలుగు గీటురాళ్లు సూచించారు. పిల్లల బుర్రకు పని ఉండాలి. ధ్యాస చెదరగొట్టకూడదు. నేర్చుకునేది వాళ్లకు తెలిసిన ప్రపంచంతో ముడిపడాలి. పక్కన మరో మనిషి పాల్గొనే వీలుండాలి. ఈ నాలుగింటితో కొలిస్తే, అరుపులు, మెరుపులు, నాణేల వర్షంతో నిండిన ఆటల్లో చాలావాటికి పాస్ మార్కులు రావు.

మరి పాసయ్యే ఆట ఎలా ఉంటుంది? గుజరాత్ మట్టిలోంచే ఒక ఉదాహరణ. 1980లలో భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ధనంజయ్ మొహబే, ఢోలీ డుంగ్రీ దగ్గర డైనోసార్ గుడ్లున్న ఒక రాతిపలకను సేకరించారు. అందులోని ఎముకలన్నీ గుడ్డులోంచి వచ్చిన పిల్లవే అని మొదట అనుకున్నారు. తర్వాత 2001లో అమెరికన్ శాస్త్రవేత్త జెఫ్రీ విల్సన్ ఆ పలకను చూసినప్పుడు, అందులో కొన్ని వెన్నుపూసలు పామువని గుర్తుపట్టారు. 2010లో ఆ పాముకు 'సనాజే ఇండికస్' అని పేరు పెట్టారు. దాదాపు మూడున్నర మీటర్ల పాము, చితికిన గుడ్డు చుట్టూ చుట్టుకుని, పక్కన అర మీటరు పొడవున్న డైనోసార్ పిల్లతో సహా రాయిగా మారిపోయింది. ఇప్పటి కొండచిలువల్లా నోరు బాగా తెరవగలిగే దవడలు దానికి లేవు. కాబట్టి గుడ్డును మింగేది కాదు, బయటికి వచ్చే పిల్ల కోసం కాచుకునేదని శాస్త్రవేత్తల అంచనా.

దీన్నే ఆటగా ఊహించండి. తెర మీద పాము, గుడ్డు, పిల్ల. 'పాము దేన్ని తినగలదు?' అని ఒక గొంతు తెలుగులో అడుగుతుంది. పాప గుడ్డును పాము నోటి దగ్గరికి లాగుతుంది. పట్టదు. పిల్లను లాగుతుంది. పడుతుంది. 'తప్పు' అన్న ఎర్ర గుర్తు ఎక్కడా ఉండదు. పట్టకపోవడమే జవాబు. ఊహించడం, చేసి చూడటం, ఊహ మార్చుకోవడం అనే మూడు మెట్లూ ఒక్క నిమిషంలో అయిపోతాయి. సైన్స్ పద్ధతి అంటే ఇదేనని ఆ వయసులో చెప్పక్కర్లేదు, చేయిస్తే చాలు. శాస్త్రవేత్తలే మొదట పామును డైనోసార్ పిల్ల అనుకున్నారన్న సంగతిని కాస్త పెద్ద పిల్లలకు రెండో దశగా పెట్టవచ్చు. ఎముకలను రెండు కుప్పలుగా విడదీయడమే ఆ ఆట.

కాలం సంగతి ఇంతకంటే కష్టం. ఆరున్నర కోట్ల ఏళ్లు అంటే పిల్లలకే కాదు, మనకూ అందదు. దీనికి సూరత్‌లో ఒక మంచి కొలబద్ద ఉంది, చీర. సెంటీమీటరుకు పది లక్షల ఏళ్లు అనుకుందాం. ఒక చివర ఇవాళ. మన జాతి మనుషుల చరిత్ర సుమారు 3 లక్షల ఏళ్లు, అంటే 3 మిల్లీమీటర్లు. అంచు మీది సన్నని గీత అంత. పక్షులు తప్ప మిగతా డైనోసార్లు అంతరించింది 66 సెంటీమీటర్ల దగ్గర. తొలి డైనోసార్లు 2.3 మీటర్ల దగ్గర. ఐదున్నర మీటర్ల చీర పూర్తయ్యేసరికి సముద్రాల్లో రకరకాల జంతువులు ఒక్కసారిగా పెరిగిన కేంబ్రియన్ కాలం నాటికి చేరతాం. భూమి పుట్టుక దాకా వెళ్లాలంటే ఎనిమిది చీరలు దాటాలి. తెర మీద చీరను వేలితో లాగుతూ పోతే ఒక్కో జీవి ప్రత్యక్షమయ్యే ఆట చేయడం సాంకేతికంగా చాలా తేలిక. ఇందులో ఒక పాఠం తనంతట తానే బయటపడుతుంది. బారాపాసారస్ ఉండేది 1.8 మీటర్లకు అటువైపు. టైరనోసారస్ ఉండేది 66 సెంటీమీటర్ల పక్కన. అంటే టైరనోసారస్‌కు బారాపాసారస్ కంటే మనమే దగ్గరి కాలం వాళ్లం. అన్ని డైనోసార్లనూ ఒకే అడవిలో నిలబెట్టే ఆటలు, వాటి మధ్య మనిషిని పరుగెత్తించే ఆటలు చెరిపేస్తున్నది సరిగ్గా ఈ సంగతినే.

నిజాయితీ కూడా ఆటలో భాగం కావాలి. రాజసారస్ దొరికింది కొంత పుర్రె, వెన్ను, నడుము, కాళ్ల ఎముకల రూపంలోనే. దాని ఒంటి రంగు ఏమిటో, అరుపు ఎలా ఉండేదో చెప్పే ఆధారం లేదు. దొరికిన ఎముకలను ఒక రంగులో, ఊహించినవాటిని మరో రంగులో చూపి, ఒంటికి రంగు వేసే పని పాపకే వదిలేయవచ్చు. 'ఇది మనకు తెలుసు, ఇది మన ఊహ' అన్న తేడా ఐదేళ్లకే అలవాటైతే, పెద్దయ్యాక వాట్సాప్‌లో వచ్చే ప్రతిదీ నమ్మే ప్రమాదం కొంత తగ్గుతుంది. 'రాక్షసబల్లి' అన్న మాటను కూడా ఇక్కడే సరిచేయవచ్చు. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు మాటలతో కూర్చిన పేరుకు అది మంచి అనువాదమే. కానీ డైనోసార్లు బల్లులు కావు. వాటి వారసులు వీధిలో తిరిగే కోడి, కిటికీలో వాలే పావురం.

యాప్ ఎందుకు కాదు, వెబ్ ఆటే ఎందుకు? చాలా ఇళ్లలో పిల్లలు ఆడేది అమ్మానాన్నల ఫోన్‌లోనే, అదీ కాసేపే. కొత్త యాప్‌కు చోటు ఉండదు. వెబ్ ఆటకు ఒక లింకు చాలు. ఒకసారి తెరిస్తే ఫోన్‌లోనే దాచుకుని, తర్వాత నెట్ లేకపోయినా నడిచేలా చేసే సౌకర్యం ఇవాళ్టి బ్రౌజర్లలో ఉంది. ఇంటర్నెట్ పోయినప్పుడు క్రోమ్ బ్రౌజర్‌లో దూకే డైనోసార్ 2014 నుంచి ఈ సంగతిని రుజువు చేస్తూనే ఉంది. డైనోసార్ల గురించి అది ఏమీ నేర్పదు కానీ, ఆట ఎంత తేలికగా ఉండవచ్చో నేర్పుతుంది. మరో కారణం మన లిపి. కొన్ని గేమ్ ఇంజిన్లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. బ్రౌజర్లు వాటిని సరిగానే చూపిస్తాయి. అక్షరాలు దిద్దే పాపకు తప్పు అక్షరం చూపించడం కంటే అసలు చూపించకపోవడం నయం. ఇంకా చదవడం రాని వయసుకు ఎలాగూ ప్రతి సూచనా గొంతులోనే ఉండాలి. ఆ గొంతు అనువాద యంత్రానిది కాకుండా, తెలంగాణ యాసలో ఇంట్లో అమ్మమ్మ మాట్లాడినట్టు ఉంటే మరీ మంచిది.

ప్రకటనల విషయంలో మాత్రం రాజీ ఉండకూడదు. ఐదేళ్లు, అంతకంటే చిన్న పిల్లల కోసమని చెప్పుకునే 135 యాప్‌లను అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలిస్తే, 95 శాతంలో ఏదో ఒక రూపంలో ప్రకటనలు కనిపించాయి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి డేటాకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. పిల్లల కదలికలను గమనించడాన్ని, వారిని గురిపెట్టే ప్రకటనలను నిషేధించింది. దీనికి సులువైన మార్గం ఒకటుంది. డేటా అసలు సేకరించకపోవడమే. పేరు, లాగిన్ లేని ఆటకు దాచాల్సిందీ, పోగొట్టుకోవాల్సిందీ ఏమీ ఉండదు.

చిన్న పిల్లలకు ఫోన్ ఇవ్వమనే ఈ సలహా ఏమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర సమయం రోజుకు గంట మించకూడదని, తగ్గేకొద్దీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కాబట్టి ఆట తనంతట తానే ముగియాలి. పది నిమిషాలకు రాజసారస్ నిద్రపోవాలి. 'ఇప్పుడు అమ్మ చీర పరిచి 66 సెంటీమీటర్లు కొలవండి' అని పాపను తెర బయటికి పంపాలి. ఎలాగూ ఫోన్ ముందు గడిచే ఆ కాసేపు ఎవరి చేతిలో పెట్టాలన్నదే అసలు ప్రశ్న. మ్యూజియానికి తీసుకెళ్తే చాలదా అనేవారికీ ఒక మాట. రాయోలీ దాకా కుటుంబంతో వెళ్లడమంటే మగ్గం మీద కూలికి ఒక రోజు సంపాదన పోవడమే. ఆ ఖర్చుకు తగిన కోరిక ముందు పుట్టాలి. ఆట పుట్టించగలిగేది దాన్నే.

ఇది ఎవరు చేయాలి? మార్కెట్ చేయదు. సూరత్‌లో తెలుగు మాట్లాడే ఐదేళ్ల పిల్లలు ఏ కంపెనీ లెక్కలోకీ రారు. కానీ 2020 జాతీయ విద్యా విధానం వీలైనంత వరకు ఐదో తరగతి దాకా మాతృభాషలో చదువు ఉండాలంటోంది. 2022 నాటి పునాది దశ పాఠ్య ప్రణాళిక మూడు నుంచి ఎనిమిదేళ్ల వారికి ఆటే చదువంటోంది. శిలాజాల సమాచారం భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దగ్గర ఉంది. గుడ్లు, గూళ్ల మీద పని చేస్తున్న నిపుణులు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. నర్మదా లోయలో 92 గూళ్లను, 256 గుడ్లను 2023లో ప్రపంచం ముందుంచిన బృందంలో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ ఉన్నారు. ఏడు మాధ్యమాల బడులు నడిపే నగరపాలక సంస్థకు ఇది ఏడు ఆటల ఖర్చు కాదు. బొమ్మలు ఒక్కటే, గొంతులు ఏడు. కోడ్‌ను అందరికీ ఉచితంగా వదిలితే సిరిసిల్ల, సోలాపూర్, భివండి బడులు కూడా అదే వాడుకుంటాయి.

మొదటి మెట్టుగా పాము, గుడ్డు, పిల్ల ఉన్న ఆ ఒక్క సన్నివేశం చేస్తే చాలు. ఒక బొమ్మలు వేసేవారు, ఒక ప్రోగ్రామర్, ఒక శిలాజ నిపుణుడు, ఒక తెలుగు టీచర్ కూర్చుంటే అయ్యే పని. లింబాయత్‌లో ఒక తరగతి గదిలో పిల్లల చేత ఆడించి, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూసి, సరిచేసి, ఆ తర్వాత రెండో సన్నివేశం మొదలుపెట్టాలి.